గేర్‌బాక్స్ దించే ముందు: పవరున్న కారులో క్లచ్ లోపాన్ని పట్టుకోవడం, బాగుచేయడం

పవరున్న మాన్యువల్ కారులో క్లచ్ బలహీనపడిందన్న సంగతి తిరుపతి వారికి చాలావరకు కొండ ఎక్కేటప్పుడే తెలుస్తుంది. అలిపిరి తనిఖీ దగ్గర వరుసలో ఆగుతూ జరుగుతూ వచ్చి, వెంటనే ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ శబ్దం పెరుగుతుంది కాని బండి ఆ మేరకు లాగదు. కాసేపటికి మాడిన వాసన కారులోకి వస్తుంది. చిత్తూరు వారికి ఇదే అనుభవం పలమనేరు దారిలో మొగిలి ఘాట్ దగ్గర ఎదురవుతుంది. మరునాడు కారును షెడ్డుకు తీసుకువెళితే ఎక్కువచోట్ల వినిపించే మాట ఒక్కటే: "ప్లేటు పోయింది సార్, సెట్టు మార్చేద్దాం."

ఆ మాట నిజమే కావచ్చు. అయితే ప్లేటు ఎందుకు పోయిందో తెలుసుకోకుండా సెట్టు మార్పిస్తే ఏమవుతుందో నా స్కోడా లారా ఆర్‌ఎస్‌తో నాకు తెలిసివచ్చింది. దాని 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర నుంచే ఇస్తుంది. మొదటిసారి ఒక షెడ్డులో క్లచ్ ప్లేటు, దాన్ని ఇంజిన్ వైపు నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు మార్చి ఇచ్చారు. దాదాపు 4,000 కిలోమీటర్లకే కారు కదిలేటప్పుడు వణకడం, ఆ తర్వాత క్లచ్ జారడం మళ్లీ మొదలయ్యాయి. రెండోసారి గేర్‌బాక్స్ దించి చూస్తే, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు నుంచి సన్నగా కారిన ఆయిల్ కొత్త ప్లేటును తడిపి ఉంది. ఆ సీలు ఖరీదు క్లచ్ సెట్టు ఖరీదులో చాలా చిన్న వంతు. గేర్‌బాక్స్ దించే కూలి మాత్రం రెండుసార్లు కట్టవలసి వచ్చింది. అందువల్ల లక్షణం ఏమిటో, దాని మూలం ఎక్కడుందో తేల్చుకున్న తర్వాతే పానా చేతికి తీసుకోండని నొక్కి చెబుతున్నాను.

క్లచ్ ఎందుకు జారుతుంది

ఒక క్లచ్ ఎంత టార్క్ మోయగలదన్నది నాలుగు అంకెల గుణకారం. ప్లేటు రాపిడి గుణకం, ప్రెజర్ ప్లేటు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య అన్నవి ఆ నాలుగు. గుణకం 0.3, నొక్కే బలం 5,000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.095 మీటరు, ముఖాలు రెండు అనుకుంటే 285 న్యూటన్ మీటర్లు వస్తుంది. 250 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌కు ఇది సరిపోతుంది. అదే ప్లేటు వేడెక్కి గుణకం 0.25కు పడిపోయిందంటే మోయగలిగేది 237.5 న్యూటన్ మీటర్లే కాబట్టి, ఊళ్లో బాగున్న క్లచ్ కొండ సగం ఎక్కేసరికి జారడం, చల్లబడ్డాక మళ్లీ మామూలుగా పట్టడం జరుగుతాయి. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ అమరికలు మార్పించి, టార్క్‌ను 330కి పెంచుకున్న కారులో ఆ క్లచ్ కొత్తదైనా నిలవదు. అక్కడ తప్పు ప్లేటుది కాదు, లెక్కది. మీ కారుకు రీమ్యాప్ జరిగి ఉంటే ఆ సంగతి మెకానిక్కుకు దాచకుండా చెప్పండి.

జారుతోందా, విడవడం లేదా

క్లచ్ లోపాలన్నిటిలో మొదట విడదీసి చూడవలసినవి రెండు. పెడల్ వదిలినప్పుడు క్లచ్ పూర్తిగా పట్టకపోవడం ఒకటి, పెడల్ తొక్కినప్పుడు పూర్తిగా విడవకపోవడం మరొకటి. రెండింటి కారణాలూ, మరమ్మతులూ వేర్వేరు.

జారుతోందో లేదో తెలుసుకోవడానికి రద్దీ లేని, పొడిగా ఉన్న, కొద్దిగా ఎత్తుకు పోయే రోడ్డును ఎంచుకోండి. తిరుమల ఘాట్‌లో ఈ పరీక్ష చేయకూడదు. అక్కడ వేగానికి సమయ నియంత్రణ ఉంది, వెనుక వచ్చే భక్తుల వాహనాలూ ఉంటాయి. ఇంజిన్ వేడెక్కిన తర్వాత నాలుగో గేరులో 1,800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా నడుపుతూ యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కండి. టర్బో ఇంజిన్ తన గరిష్ఠ టార్క్‌ను ఇచ్చేది ఈ మధ్య శ్రేణిలోనే కనుక, బలహీనమైన క్లచ్ మొదట ఇక్కడే దొరికిపోతుంది. మొదటి, రెండో గేర్లలో బండి తేలికగా వేగం అందుకోవడం వల్ల చిన్న జారుడు తెలియకుండా పోతుంది.

చెవిని మాత్రమే నమ్ముకోకుండా, కారు కంప్యూటర్‌లోని అంకెలను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి ఆర్‌పీఎంను, వేగాన్ని కలిపి నమోదు చేస్తే సందేహానికి తావుండదు. ఒకే గేరులో ఆ రెండింటి నిష్పత్తి మారకూడదు. 2,000 ఆర్‌పీఎం దగ్గర 60 కిలోమీటర్ల వేగం ఉంటే, 90 కిలోమీటర్ల దగ్గర 3,000 ఉండాలి. 3,300 కనిపించిందంటే ఇంజిన్ ఉండవలసినదానికంటే 10 శాతం ఎక్కువ తిరుగుతోంది, క్లచ్ జారుతోందన్నమాట. ముందు చక్రాలు రోడ్డుపై తిరిగిపోయినా నిష్పత్తి ఇలాగే చెదురుతుంది కనుక, ట్రాక్షన్ దీపం వెలగని పరుగునే లెక్కలోకి తీసుకోండి. జారుతున్నట్టు ఒకసారి తేలాక పరీక్షను మళ్లీ మళ్లీ చేయవద్దు. ప్రతి పరుగూ ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరుగుతూ ప్లేటు ఆనే బరువైన చక్రం) ముఖాన్ని మరికొంత మాడుస్తుంది.

విడవకపోవడాన్ని పట్టుకోవడానికి కారు నిలబెట్టి, ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, పెడల్‌ను పూర్తిగా తొక్కి పది సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమన్నా, లివర్ మొరాయించినా క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. పెడల్‌ను నాలుగైదుసార్లు వరుసగా పంపు చేశాక గేరు సులువుగా పడితే లోపం దాదాపు ఖచ్చితంగా హైడ్రాలిక్స్‌లో, అంటే పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే ఫ్లూయిడ్ గొట్టాల్లో, సిలిండర్లలో ఉంది. నడుస్తుండగా ఒక్క గేరు మాత్రమే, ఉదాహరణకు రెండోది మాత్రమే గరగరలాడుతుంటే అది గేర్‌బాక్స్ లోపల గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగు లోపం. క్లచ్ మార్చినా అది పోదు.

శబ్దాలకు కూడా ఒక పద్ధతి ఉంది. పెడల్ మీద కాలు పెట్టగానే మొదలయ్యే కీచు, క్లచ్‌ను విడదీయడానికి ప్రెజర్ ప్లేటును నొక్కే రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వినిపించి, తొక్కగానే ఆగిపోయే గుర్రుమనే శబ్దం, ప్లేటు నుంచి గేర్‌బాక్స్‌లోకి పోయే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుది. ఐడిల్‌లోనూ, ఇంజిన్ ఆపే క్షణంలోనూ టకటకమంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే రకం) అనుమానించండి. కారు కదిలేటప్పుడు వణుకుతుంటే, ప్లేటుకు ఆయిల్ అంటిందని అనుకునే ముందు బానెట్ తెరిచి ఇంజిన్ మౌంటింగులను చూడండి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఒకరు క్లచ్‌ను కొద్దిగా వదులుతుండగా, మరొకరు పక్క నుంచి ఇంజిన్ ఎంత ఊగుతోందో గమనించాలి, ఎవరూ కారు ఎదుట నిలబడకూడదు. చిరిగిన మౌంటింగ్ రబ్బరు అచ్చంగా పాడైన క్లచ్‌లాగే వణికిస్తుంది.

పెడల్ దగ్గర నుంచి వెతకండి

పెడల్ మెత్తబడినా, కిందికి దిగిపోయి పైకి రాకపోయినా, వేడెక్కినప్పుడు పట్టే చోటు మారుతున్నా ముందుగా ఫ్లూయిడ్‌ను చూడాలి. చాలా కార్లలో బ్రేకుకు, క్లచ్‌కు ఒకటే ఫ్లూయిడ్ డబ్బా ఉంటుంది. అందులోని డాట్ 4 ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పెరిగిన కొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. టర్బో వేడి పక్కనే క్లచ్ గొట్టం పోయే కార్లలో, మన ఎండాకాలంలో, పాత ఫ్లూయిడ్ ఆవిరై పెడల్ ఒక్కసారిగా నేలకు అంటుకుపోవడం జరుగుతుంది. రంగు నల్లబడినా, మార్చి రెండేళ్లు దాటినా ముందు ఆ పని చేయించండి. ఇంత తక్కువ ఖర్చుతో తీరే లోపానికి గేర్‌బాక్స్ దించినవారిని నేను ఒకరికంటే ఎక్కువమందిని చూశాను.

కారు లోపల పెడల్ పైభాగంలో, పెడల్ నెట్టే మాస్టర్ సిలిండర్ గోడకు ఆనే చోట, వేలు పెట్టి తడి ఉందేమో తాకి చూడండి. కింద గేర్‌బాక్స్ దగ్గర, ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ బయటే ఉన్న కారైతే దాని రబ్బరు తొడుగును కొద్దిగా ఎత్తి చూస్తే కారుడు కనిపిస్తుంది. స్లేవ్ సిలిండర్ రిలీజ్ బేరింగుతో కలిసి గేర్‌బాక్స్ లోపలే ఉండే కార్లలో క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రాన్ని గమనించాలి. అక్కడ కారేది ఏమిటన్న దాన్ని బట్టే నిర్ణయం ఉంటుంది. పలుచగా, నీటితో కడిగితే పోయేది క్లచ్ ఫ్లూయిడ్. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, గంధకపు వాసన వేస్తే గేర్ ఆయిల్. తెల్ల గుడ్డతో తుడిచి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

గొట్టంలో గాలి చేరిందనుకుంటే ఇద్దరు మనుషులతో గాలి తీయవచ్చు. ఫ్లూయిడ్ డబ్బాను నిండుగా ఉంచి, బ్లీడ్ నిపిల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, రెండో కొనను కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్‌ను నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, మరొకరు నిపిల్ తెరిచి, బుడగలు వచ్చాక మూసివేయాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. పెడల్ దానంతట అది పైకి రాకపోతే చేత్తో ఎత్తండి. డబ్బాలో మట్టం కనిష్ఠ గీత కిందికి పోనివ్వకండి, పోతే గాలి బ్రేకులలోకి కూడా చేరే ప్రమాదం ఉంది. ఈ ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది కనుక, ఒలికిన చోట వెంటనే నీళ్లు పోసి కడగండి.

గేర్‌బాక్స్ దించడం

ఇక్కడి వరకు చేసిన పరీక్షలన్నీ లోపం బెల్ హౌసింగ్ లోపలే ఉందని చెబితేనే ఈ పనికి పూనుకోండి. ఇంట్లో చేయాలనుకుంటే నేల చదునుగా ఉండాలి, కారు నాలుగు గట్టి స్టాండ్ల మీద నిలవాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎవ్వరూ దూరకూడదు. బ్యాటరీ నెగెటివ్ తీసి, గేర్ ఆయిల్ వంపి, గేర్ కేబుళ్లు, స్టార్టర్ మోటారు, డ్రైవ్‌షాఫ్టులు, అవసరమైతే సబ్‌ఫ్రేము విడదీయాలి. ఇంజిన్‌ను పై నుంచి అడ్డపట్టీకి వేలాడదీయకుండా మౌంటింగ్ బోల్టులు తీయకండి.

దాదాపు 50 కిలోల గేర్‌బాక్స్‌ను గేర్‌బాక్స్ జాకీ మీద ఆనించి, చివరి బోల్టు తీశాక షాఫ్ట్ వరుసలోనే తిన్నగా వెనక్కి లాగాలి. దాని బరువు ఒక్క క్షణమైనా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది. కొత్త ప్లేటుతో తిరిగి ఎక్కించేటప్పుడు ఈ పొరపాటు జరిగితే, కొత్త క్లచ్ మొదటి రోజే విడవకుండా మొరాయిస్తుంది. లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదవద్దు. మాస్కు వేసుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

దించిన తర్వాత

పాత ప్లేటును పారేయకుండా వెలుతురులో పెట్టి చదవండి, ఎందుకంటే కారు ఎలా నడిచిందో, లోపం ఎక్కడుందో అది చెబుతుంది. రెండు ముఖాలూ సమంగా రివెట్ల దాకా అరిగి ఉంటే అది సహజంగా ఆయుష్షు తీరిన ప్లేటు. మందం మిగిలి ఉండగానే ముఖం అద్దంలా మెరుస్తుంటే వేడికి గాజుబారింది, అంటే సగం క్లచ్ మీద నడిపే అలవాటో, ప్రెజర్ ప్లేటు బలం చాలకపోవడమో కారణం. ఫ్లైవీల్ వైపు ముఖం మాత్రమే ఆయిల్‌తో నల్లబడితే క్రాంక్ సీలును, గేర్‌బాక్స్ వైపు ముఖం తడిసి ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలును అనుమానించాలి. ఆ తడి ఎక్కడి నుంచి మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి. ప్లేటు మధ్య స్ప్రింగులు చేతికి వదులుగా ఆడితే, కారును అదరగొట్టి కదిలించిన గుర్తు. ప్రెజర్ ప్లేటు డయాఫ్రమ్ వేళ్లు (మధ్యలోని స్ప్రింగు రేకులు) ఒకే ఎత్తులో ఉన్నాయా, కొనలు గుంట పడ్డాయా చూడండి. పెడల్ బరువెక్కడానికి ఆ గుంటలు తరచుగా కారణమవుతాయి.

ఫ్లైవీల్ ముఖంపై నీలి మచ్చలు, వెంట్రుకలాంటి పగుళ్లు ఉంటే కొత్త ప్లేటు వేసినా వణుకు పోదు. ఒకే ముక్క ఫ్లైవీల్ అయితే మంచి లేత్ షాపులో సన్నగా ఫేసింగ్ కొట్టించవచ్చు. ముఖం, ప్రెజర్ ప్లేటు బిగించే అంచు వేర్వేరు ఎత్తుల్లో ఉన్న ఫ్లైవీల్ అయితే రెండింటినీ సమానంగా కోయకపోతే నొక్కే బలం మారిపోతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను లేత్ మీదికి ఎక్కించవద్దు. చేత్తో తిప్పితే ఎంత ఆట ఉందో, పక్కకు ఎంత ఊగుతోందో కొలిచి, తయారీదారు ఇచ్చిన హద్దుతో పోల్చి, దాటితే కొత్తదే వేయాలి. అది ఖరీదైన వస్తువు కావడంతో చాలామంది ఇక్కడ వెనకాడతారు. అరిగిన డ్యూయల్ మాస్ మీద కొత్త సెట్టు పెట్టడమంటే అదే పనిని మళ్లీ డబ్బిచ్చి చేయించుకోవడానికి సిద్ధపడటమే.

గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడే క్రాంక్ వెనుక సీలు, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, రిలీజ్ బేరింగు, లోపలి స్లేవ్ సిలిండర్, పైలట్ బేరింగు ఉంటే అదీ మార్చేయండి. ఈ విషయంలో పొదుపు చేయవద్దని చేతులు జోడించి చెబుతాను.

ఏ సెట్టు వేయాలి

టార్క్ పెంచని కారుకు కంపెనీ సెట్టుకు మించినది లేదు. లూక్, సాక్స్, వాలియో, ఎక్సెడీ వంటివారి సెట్లు తిరుపతిలో దొరకకపోతే, విడిభాగాల అంగళ్లున్న చెన్నై జీపీ రోడ్డు దగ్గరే గనుక, మీ ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరిచూసుకున్నాకే తెప్పించుకోండి. టార్క్ పెంచిన కారుకు మాత్రం ముందు చెప్పిన గుణకారంలో ఏ అంకెను పెంచుతున్నారో తెలుసుకుని ఎంచుకోవాలి. నొక్కే బలాన్ని పెంచిన ప్రెజర్ ప్లేటుతో మామూలు ఆర్గానిక్ ప్లేటు వేసుకుంటే మెత్తగా పడుతుంది, కాని పెడల్ బరువెక్కుతుంది, పెడల్ తొక్కినప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగు మీద భారం పెరుగుతుంది. సిరామిక్ ముక్కల ప్లేటు వేడిని బాగా తట్టుకుంటుంది, అయితే అది పట్టితే పూర్తిగా, లేకుంటే లేనట్టు ప్రవర్తిస్తుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో అలిపిరి వరుసలో అలాంటి క్లచ్‌తో ఒక్కసారి నిలబడితే ఎవరికైనా ఆ విషయం అర్థమవుతుంది. రోజూ ఊళ్లో నడుపుతూ అప్పుడప్పుడు గట్టిగా నడిపేవారికి, అవసరమైన టార్క్‌కు పదిహేను, ఇరవై శాతం ఎక్కువ మోయగల ఆర్గానిక్ సెట్టే సరైనదని నా అభిప్రాయం.

ఏడు గేర్ల డ్రై డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో తనంతట తాను గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్) ఉన్న కారు మీదైతే ఇంట్లో ప్రయత్నించవద్దు. ఆ జంట క్లచ్‌ను తీయడానికి, పెట్టడానికి ప్రత్యేక సాధనాలు, కొలతలు, ఆపై కంప్యూటర్‌తో బేసిక్ సెట్టింగు తప్పనిసరి.

బిగింపు

ఫ్లైవీల్ బోల్టులు ఒకసారి సాగే రకమైతే కొత్తవే వాడి, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న టార్క్, కోణం ప్రకారం బిగించండి. ఫ్లైవీల్ ముఖాన్నీ, ప్రెజర్ ప్లేటు ముఖానికి ఉండే తుప్పు నిరోధక పూతనూ బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడవండి. ఆ తర్వాత వాటిని వేలితో తాకవద్దు. ఇన్‌పుట్ షాఫ్ట్ గాడులకు అర గ్రాము, గ్రాము మేర ప్రత్యేక గ్రీజు చాలు. ప్లేటును రెండుమూడుసార్లు షాఫ్ట్ మీద ముందుకీ వెనక్కీ జరిపి, బయటికి వచ్చిన గ్రీజునంతా తుడిచేయాలి. ఎక్కువ గ్రీజు తిరిగే వేగానికి చెదిరి ప్లేటు ముఖం మీద పడుతుంది.

ప్లేటుపై గేర్‌బాక్స్ వైపు అని రాసి ఉన్న ముఖాన్ని గేర్‌బాక్స్ వైపే పెట్టి, అలైన్‌మెంట్ టూలుతో మధ్యకు సరిచేసి, ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, ఒక్కొక్కటి ఒకటిన్నర చుట్టు చొప్పున బిగించాలి. ఒకేదాన్ని ముందు పూర్తిగా బిగిస్తే కవరు వంగిపోతుంది. తనంతట తాను సర్దుకునే రకం ప్రెజర్ ప్లేటుకు దాని సాధనం వాడకపోతే లోపలి రింగు ముందే తిరిగిపోయి కొత్త సెట్టు పాడవుతుంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని అంచు, ఇంజిన్ అంచు చేత్తోనే పూర్తిగా కలవాలి. మధ్యలో ఆగితే బోల్టులతో లాగవద్దు, షాఫ్ట్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ ప్రయత్నించండి. గేర్ ఆయిల్ పోసి, క్లచ్ గాలి తీసి, స్టాండ్ల మీద ఉండగానే అన్ని గేర్లూ పడుతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే చక్రాలు నేల మీద ఆనించండి.

కొత్త ప్లేటు సర్దుకునే రోజులు

ఆర్గానిక్ ప్లేటుకు 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు ఊళ్లో ఆగి కదిలే నడక కావాలి. లీలామహల్ కూడలి, అన్నమయ్య కూడలి, కరకంబాడి రోడ్డు రద్దీ ఇందుకు అన్నివిధాలా సరిపోతాయి. చెన్నై హైవే మీద ఒకే వేగంతో పోయిన కిలోమీటర్లు ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే ప్లేటు ఫ్లైవీల్‌తో రాపిడి పడి సర్దుకునేది కదిలే క్షణాల్లోనే. ఈ రోజుల్లో పూర్తి యాక్సిలరేటర్, గట్టి లాంచ్, నలుగురిని ఎక్కించుకుని కొండ ఎక్కడం మూడూ మానాలి.

ఆ తర్వాత మొదటిసారి కొండకు వెళ్లినప్పుడు, వరుసలో ఎత్తు మీద ఆగితే బండిని హ్యాండ్‌బ్రేక్‌తో నిలపండి, సగం వదిలిన క్లచ్‌తో నిలపవద్దు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ మీదుగా దిగేటప్పుడు ఆ 36 హెయిర్‌పిన్ మలుపుల్లో తక్కువ గేరు వాడుకోండి. గేరు దించే ముందు యాక్సిలరేటర్‌తో ఇంజిన్ వేగాన్ని కొద్దిగా పెంచి కలిపితే, ఇంజిన్ బ్రేకింగ్ క్లచ్‌ను అరగదీయదు. కిందికి వచ్చాక, చల్లబడిన కారు కింద బెల్ హౌసింగ్ రంధ్రం దగ్గర తెల్ల గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. 800 కిలోమీటర్లు నిండాక, మొదట ఓబీడీతో నమోదు చేసిన అదే రోడ్డు మీద, అదే గేరులో పరీక్షను మరొక్కసారి చేసి ఆ అంకెలను పాతవాటి పక్కన రాసిపెట్టుకోండి.